ఫైబర్ ట్రైలర్ డోర్ లాక్ మార్చాలి, ఏది సరిపోతుందో చెప్పండి

ఒంగోలు_సముద్రపుగాలి

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాన్న రిటైర్ అయ్యాక బెంగళూరులో ఒకళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఫైబర్ ట్రైలర్ కొన్నాడు, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే రకం, 13 అడుగులు ఉంటుంది, చూడ్డానికి కోడిగుడ్డు పడుకోబెట్టినట్టు ఉంటుంది, లోపల ఇద్దరు పడుకునే మంచం, చిన్న పొయ్యి, సింకు, అంతే. రోడ్డు మీద ఆపితే చాలు ఐస్‌క్రీం బండా అని పిల్లలు మూగుతారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, లాడ్జీల్లో మెట్లెక్కలేదు, అందుకని దీంట్లో పెంచలకోన, మాలకొండ, సోమశిల అన్నీ తిప్పి చూపించాలని నాన్న ఆశ. మాలకొండ గుడి శనివారమే తెరుస్తారు కదా, శుక్రవారం రాత్రే కొండ కింద ఆపుకుని పడుకుని తెల్లారగట్ల దర్శనం చేసుకుని వచ్చారు ఒకసారి, అమ్మ ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది.

ఇంక అసలు విషయం. పోయిన నెల కొత్తపట్నం బీచ్‌కి వెళ్ళాం. మధ్యాహ్నం అమ్మ లోపల నడుం వాల్చింది, గాలికి తలుపు దానంతట అదే పడింది. కాసేపటికి తీద్దామంటే రాలేదు. బయట నాబ్ తిరుగుతా ఉంది, లాక్ నాలుక, అదే చట్రం బెజ్జంలోకి దూరే ముక్క, మాత్రం వెనక్కి రావట్లా. లోపలి నాబ్ కూడా అంతే, ఊరికే గిర్రున తిరుగుతుంది. కిటికీలు చూస్తే సన్నటివి, కింద నుంచి కొంచెం పైకి లేచేవి, మనిషి పట్టదు. ఎండ మండిపోతుంది, లోపల అమ్మ మొదట్లో మాట్లాడింది, తర్వాత మాట్లాడ్డం తగ్గించింది, నాన్న చేతులు వణుకుతుంటే పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి నాబ్ పక్కన పొడిచి పొడిచి పెకిలించాడు. 20 నిమిషాలు పట్టింది. అమ్మ చెమటతో తడిసిపోయి బయటికొచ్చి ఇసకలో కూర్చుండిపోయింది. దేవుడి దయ వల్ల ఏం కాలేదు, కానీ అప్పటి నుంచి ఆ బండి ఎక్కనంటే ఎక్కనంటుంది.

ఇప్పుడు తలుపు పరిస్థితి ఏంటంటే, లాక్ ఉన్న చోట గుండ్రటి బెజ్జం, దాని చుట్టూ ఫైబర్ పగిలి సాలెగూడు లాగా గీతలు, ఒక పక్క చిన్న ముక్క ఊడిపోయింది. పాత లాక్ ఇళ్ళల్లో బాత్రూంకి వేసే గుండ్రటి నాబ్ రకం, ముందు ఓనర్ వేయించుకున్నట్టున్నాడు, మధ్యలో రబ్బరు ముక్కలు ప్యాకింగ్ పెట్టి ఉన్నాయి. నాకు తెలియాల్సింది ఇవి, దీనికి ఏ లాక్ వేయాలి, పగిలిన ఫైబర్‌ని మనమే బాగుచేసుకోవచ్చా, ఇలా మళ్ళీ జరక్కుండా ఏం చేయాలి. నేను డ్రిల్లింగ్ మిషన్ పట్టుకోగలను, మా ఇంట్లో షెల్ఫులన్నీ నేనే బిగించా, కాబట్టి పని చెప్పండి, చేస్తా.

కందుకూరు_కుర్రోడు

అక్కా అంత ఆలోచన ఎందుకు, బయట ఒక గొళ్ళెం కొట్టించి కప్ప తాళం వేసేయండి, మా ట్రాక్టర్ షెడ్డుకి అదే, పదేళ్ళయింది ఏం కాలా. లోపల వైపు చిన్న గడియ పెట్టుకోండి సరిపోద్ది. ఖర్చు కూడా తక్కువ.

నెల్లూరు_ఆటోనగర్

తమ్ముడూ, షెడ్డు వేరు మనుషులు పడుకునే బండి వేరు. లోపల మనిషి ఉండంగా బయట ఎవరన్నా తెలీక గొళ్ళెం వేస్తే ఏం జేస్తారు? పెద్దావిడ ఒకసారి ఇరుక్కుని బయటపడి ఉండాది, మళ్ళా అదే పని చేయమంటావా. మనుషులుండే బండికి బయట గొళ్ళెం మాత్రం వద్దు, ఇది నేను గట్టిగా చెప్తా ఉండా.

అమ్మా, నేను బస్సు బాడీలు కట్టే పనిలో 27 ఏళ్ళుగా ఉండా. ట్రైలర్లు నా చేతికి రెండే వచ్చినాయి కానీ తలుపు సంగతి ఏ బండికైనా ఒకటే. లాక్ చెడిందని అందరూ అనుకుంటారు, చాలాసార్లు చెడేది లాక్ కాదు, తలుపు. తలుపు కిందికి జారతాది, నాలుక వెళ్ళాల్సిన బెజ్జంలోకి సూటిగా పోకుండా కింద అంచుని రాసుకుంటా పోతాది, రోజూ బలం పెట్టి మూస్తారు, బలం పెట్టి తీస్తారు, ఆ బలమంతా లోపలుండే చిన్న స్ప్రింగు మీదా కడ్డీ మీదా పడి ఒకరోజు విరగతాది. కొత్త లాక్ వేసినా తలుపు సరిచేయకపోతే అది గూడా ఏడాదికే పోతాది.

దీనికి ఒక పరీక్ష చెప్తా, మేము చేసేదే. కుంకుమ నీళ్ళతో చిక్కగా కలిపి కొత్త లాక్ నాలుక కొసకి పూయి, తలుపు మెల్లంగా మూసి తియ్యి. చట్రానికుండే ప్లేటు మీద కుంకుమ యాడ అంటిందో చూడు. బెజ్జం మధ్యలో పడాల. కింద అంచు మీద పడితే తలుపు జారినట్టు, పక్కన పడితే లాక్ లోపలికో బయటికో ఉన్నట్టు. ఆ పరీక్ష చేసేటప్పుడు బండి చదునుగా ఉండాల, జాకీలు మితంగా ఎత్తాల. చాలామంది మూలల్లో జాకీలు బాగా ఎత్తేసి బండి బరువంతా వాటి మీద మోపతారు, ఫైబర్ గుల్ల అయితే మెలిక తిరగతాది, తలుపు చట్రం ఐమూలగా లాగతాది, అప్పుడు తలుపు పట్టేసి రాదు. జాకీ ఉండేది బండి ఊగకుండా, బండిని మోసేదానికి కాదు.

తలుపు ఎంత మందం ఉందో, బెజ్జం ఎంత వెడల్పుందో, బెజ్జం మధ్య నుంచి తలుపు అంచు దాకా ఎంత దూరమో కొలిచి ఇక్కడ పెట్టు. హింజెస్ ఏ పక్కనో గూడా చెప్పు. అప్పటి దాకా ఏమీ కొనబాక.

ఒంగోలు_సముద్రపుగాలి

థాంక్స్ అన్నా. గొళ్ళెం సంగతి నేనూ నాన్న కూడా వద్దనే అనుకున్నాం. కొలతలు ఇవిగో. తలుపు మందం 32 మి.మీ. గుండ్రటి బెజ్జం 54 మి.మీ, పగిలిన ముక్కతో కలిపితే ఒక పక్క 61 అయింది. బెజ్జం మధ్య నుంచి అంచుకి 60 మి.మీ. బయట నుంచుని చూస్తే హింజెస్ ఎడమ పక్క, లాక్ కుడి పక్క. తలుపు తిన్నగా లేదు, బండి గుండ్రానికి తగ్గట్టు పైనుంచి కిందికి కొంచెం వంపు ఉంది. కుంకుమకి లాక్ నాలుక లేదు కాబట్టి పాత నాలుకనే చేత్తో పట్టుకుని పెట్టి చూశా, 4 మి.మీ కింద పడింది. మీరన్నట్టే అయింది. జాకీలు కూడా నాన్న బాగా ఎత్తేవాడు, ఊగకుండా ఉంటుందని.

తాళాలపని_ఒంగోలు

చెల్లెమ్మా మీ పాత లాక్ ఎందుకు పోయిందో మీరిచ్చిన కొలతల్లోనే తెలిసిపోతుంది. ఇంటి తలుపులకి వేసే గుండ్రటి నాబ్ లాకులు 35 నుంచి 45 మి.మీ మందం ఉండే తలుపుల కోసం చేస్తారు. మీది 32. మందం చాలకపోతే రెండు పక్కల నాబులు సరిగ్గా బిగుసుకోవు, మధ్య కడ్డీ వదులుగా ఆడుతుంది, అందుకే ఆ రబ్బరు ప్యాకింగ్. బండి గతుకుల్లో పోయేటప్పుడు ఆ వదులు పెరిగి పెరిగి కడ్డీ కొస అరిగిపోయి నాలుకని పట్టుకోవడం మానేస్తుంది, అప్పుడు నాబ్ ఎంత తిప్పినా గిర్రున తిరగడమే. పైగా సముద్రం పక్క. మా దగ్గరికి కొత్తపట్నం, వాడరేవు వైపు నుంచి వచ్చే తాళాలు విప్పితే లోపల స్ప్రింగులు ముట్టుకుంటే పొడి అయిపోతుంటాయి, ఉప్పు గాలి అంత పని చేస్తుంది.

ఇంకొక సంగతి, దాదాపు ప్రతి ఇంట్లో చేసే తప్పు. తాళం పట్టేసిందని కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, ఏదుంటే అది పోసేస్తారు. ఆ రోజుకి పని చేస్తుంది, తర్వాత ఆ జిడ్డుకి ఇసక దుమ్ము అంటుకుని లోపల ముద్ద కడుతుంది. చెవి పెట్టే చోట గ్రాఫైట్ పొడి వేయండి, పెన్సిల్ ముల్లు అరగదీసిన పొడి లాంటిది, హార్డ్‌వేర్ షాపుల్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది, చిటికెడు చాలు. నాలుక, స్ప్రింగు ఉండే చోట సిలికాన్ స్ప్రే కొట్టుకోవచ్చు. బీచ్ నుంచి రాగానే మంచినీళ్ళలో ముంచిన గుడ్డతో లాక్ పైన తుడిచేయండి, రోజూ అక్కర్లేదు, సముద్రం దగ్గరికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ చేయండి.

ఏ లాక్ కొన్నా ఒక్కటి చూసుకోండి, బయట చెవితో లాక్ చేసినా లోపల నుంచి చెవి లేకుండా ఒక్క గుంజుడుతో తెరుచుకోవాలి. షాపులోనే చేత్తో పట్టుకుని లాక్ చేసి లోపలి పక్క నుంచి తీసి చూడండి, ఊరికే మాట మీద నమ్మి తెచ్చుకోవద్దు. రెండు పక్కలా చెవి పెట్టే రకం లాకులు ఉంటాయి, అవి గొప్పగా కనపడతాయి కానీ మనుషులు పడుకునే చోటికి అస్సలు వద్దు.

మిన్నెసోటా_నుంచి_సింగరాయకొండ

ఈ టాపిక్ చూసి ప్రాణం లేచొచ్చింది. నేను 11 ఏళ్ళు అమెరికాలో మిన్నెసోటాలో ఉండొచ్చా, అక్కడ బ్యాకస్ అనే చిన్న ఊళ్ళో స్క్యాంప్ అని ఇట్టాంటి గుడ్డు ట్రైలర్లే తయారు చేస్తారు, 13 అడుగులవి, 16 అడుగులవి. అసలు వీటికి తాత కెనడాలో పుట్టిన బోలర్, 1968లో విన్నిపెగ్‌లో మొదలైంది. దాన్ని తయారు చేసినాయన అంతకుముందు ఫైబర్‌తో సెప్టిక్ ట్యాంకులు చేశాడు, ట్యాంకు ఎట్టా పోస్తారో అట్టాగే పై సగం కింద సగం అచ్చుల్లో పోసి నడుం దగ్గర కలిపేశాడు, అందుకే అతుకులు తక్కువ, వాన కారదు, బరువు తక్కువ. మీ నాన్నగారి బండి ఏ కంపెనీదైనా పద్ధతి అదే అయ్యుంటుంది.

లాక్ దగ్గరికొస్తే, అక్కడ ట్రైలర్ తలుపులకి ఎక్కువగా వేసేది ప్యాడిల్ లాక్ అంటారు, అరిచేతిలో పట్టేంత చదునైన పెట్టె, బయట లోపలికి గుంటగా ఉండి వేళ్ళు పెట్టి లాగే పిడి ఉంటుంది, అదే పెట్టెలో పైన ఇంకో గట్టి బోల్టు ఉంటుంది. దీనికి కావాల్సిన బెజ్జం చాలావాటికి ఒకటే సైజు, 70 మి.మీ వెడల్పు 95 మి.మీ ఎత్తు, వాళ్ళ లెక్కలో 2.75 ఇంటూ 3.75 అంగుళాలు. తలుపు మందం 25 నుంచి 38 మి.మీ వాటికి దొరుకుతాయి, మీ 32 దాంట్లో పడుతుంది. ఆన్‌లైన్‌లో కారవాన్ ప్యాడిల్ లాక్ అని వెతికితే వస్తాయి, కొనే ముందు ఆ పేజీలో బెజ్జం కొలత, మందం, హింజెస్ ఏ పక్క ఉండాలో మూడూ చూసుకోండి.

ఇక్కడ మీకు కలిసొచ్చిన సంగతి ఒకటుంది. మీ 54 బెజ్జం, పగిలిన ముక్కతో కలిపి 61, రెండూ ఆ 70 ఇంటూ 95 లోపలే పడతాయి. అంటే పాత బెజ్జం మూయాల్సిన పనే లేదు, దాని మీదే కొత్త బెజ్జం కోస్తే పగిలిన భాగం చాలావరకు దానితోపాటే వెళ్ళిపోతుంది. కాకపోతే లాక్ పెట్టె అంచుకి ఎంత దూరంలో కూర్చోవాలో దాంతోపాటు అట్ట నమూనా వస్తుంది, దాన్ని తలుపు మీద టేపుతో అంటించి చూసి అప్పుడు చెప్పండి, కోసిన తర్వాత చూసుకుంటే లాభం లేదు.

చెవుల గురించి కూడా. అక్కడ సామాన్ల పెట్టె తలుపులకి వచ్చే చిన్న తాళాలు ఉంటాయి, సీహెచ్ 751 అని చెవి మీద ఉంటుంది, ఆ ఒక్క చెవి లక్షల బండ్లకి పడుతుంది. మీ బండికి బయట గ్యాస్ పెట్టెకో సామాను పెట్టెకో ఆ నంబర్ ఉందేమో చూడండి, ఉంటే అది తాళం కింద లెక్క కాదు, మార్చేయండి.

మీ అమ్మగారి విషయం చదివాక చెప్పకుండా ఉండలేను. అక్కడ ట్రైలర్‌కి తలుపు కాకుండా బయటపడే రెండో దారి ఉండి తీరాలి, ఒక కిటికీకి ఎర్రటి పిడులు ఉంటాయి, అవి తిప్పి తోస్తే కిటికీ మొత్తం బయటికి తెరుచుకుంటుంది, మనిషి దూరి దూకేయొచ్చు. మీ బండికి సన్న కిటికీలే అంటున్నారు. వెనక పక్క కిటికీ ఒకటి అట్టాంటిదిగా మార్పించండి. లాక్ ఎంత మంచిదైనా ఇనుము ఇనుమే.

నెల్లూరు_ఆటోనగర్

ఆ కిటికీ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మా బస్సులకి ఎమర్జెన్సీ తలుపు లేకుండా బ్రేకు ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టడు. అమ్మా, లాక్ కన్నా ముందు నువ్వు చేయాల్సిన పని హింజెస్. 4 మి.మీ దిగిందంటే పై హింజ్ స్క్రూలు పట్టు వదిలేసి ఉంటాయి. తలుపు కింద చెక్క ముక్క పెట్టి ఆ 4 మి.మీ పైకి లేపి, పై హింజ్ స్క్రూలు విప్పి చూడు. బెజ్జాలు పెద్దవై ఉంటే లావు స్క్రూ ఎక్కించబాక, ఫైబర్‌లో స్క్రూ మర నిలవదు. అడ్డంగా బోల్టు వేసి లోపల పక్క పెద్ద వాషరో అల్యూమినియం పట్టీనో పెట్టి నట్టు బిగించు. నట్టు గూడా ఫైబర్ కిర్రుమనే దాకా బిగించొద్దు, వాషర్ చుట్టూ నక్షత్రం లాగా గీత లేస్తే ఎక్కువైనట్టే.

జువ్వలదిన్నె_ఫైబర్

అక్కా మాది కావలి పక్కన జువ్వలదిన్నె, పడవలకి ఫైబర్ పని చేస్తాం, మా నాయన కాలంలో చెక్క పడవలు, నా కాలానికి అన్నీ ఫైబరే. మీ తలుపు మా పడవ లాగానే, బయట ఒక పొర ఫైబర్, లోపల ఒక పొర, మధ్యలో ప్లైవుడ్డో ఫోమో ఉంటాది. మీరు ముందు చూడాల్సింది ఆ మధ్యలో ఉండే చెక్క. పాత లాక్ స్క్రూల సందుల్లోంచి వాన నీళ్ళు పోయి ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, గట్టిగా టక్కుమంటే బాగుంది, తడిసిన బిస్కెట్ లాగా దిగిపోతే కుళ్ళింది. కుళ్ళినంత వరకు గోకి తీసేసి, రెండు మూడు రోజులు తలుపు నీడలో ఆరబెట్టి, ఆ ఖాళీలో మెరైన్ ప్లై, అంటే తడికి తట్టుకునే ప్లైవుడ్ ముక్క కోసి, రెసిన్‌లో, అంటే ఫైబర్‌ని గట్టిపరిచే జిగురు ద్రవంలో, తడిపి దూర్చాల. తడి మీద రెసిన్ పోస్తే పట్టదు, పైకి పట్టినట్టు కనపడి లోపల వదిలేస్తాది.

బెజ్జం కోసేటప్పుడు తలుపు మీద మాస్కింగ్ టేప్ రెండు వరసలు అంటించి దాని మీద గీత గీసుకోండి. జిగ్ సా సన్న పళ్ళ బ్లేడుతో, మూలల్లో ముందు చిన్న బెజ్జాలు వేసుకుని కోయండి, మూల సూటిగా ఉంటే అక్కడ నుంచే పగులు పారతాది, గుండ్రంగా ఉండాల. డ్రిల్ పెట్టేటప్పుడు మొదట వెనక్కి తిరిగేట్టు పెట్టి పైనుండే నున్నటి జెల్ కోట్ అరగనిచ్చి, తర్వాత ముందుకి తిప్పండి, అట్టా చేస్తే పెచ్చు లేవదు. మూతికి మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పొడి ఒంటికి తగిలితే రాత్రంతా దురద, అప్పుడు వేన్నీళ్ళు పోసుకోబాకండి, చల్లటి నీళ్ళతోనే కడుక్కోండి.

బెజ్జం బయట మిగిలిన గీతలకి, ప్రతి గీతనీ 80 నంబర్ ఎమెరీ పేపర్‌తో పల్లంగా అరగదీయండి, అతుకు పడే వెడల్పు ఫైబర్ మందానికి 12 రెట్లు ఉండాల, మీ బయటి పొర 3 మి.మీ అనుకుంటే గీతకి ఈ పక్క ఆ పక్క 36 మి.మీ దాకా వాలుగా. దాని మీద మ్యాట్ (గాజు పీచు గుడ్డ) ముక్కలు చిన్నది పెద్దది వరసగా రెసిన్‌తో పరిచి బ్రష్‌తో గాలి బుడగలు పొడిచి పొడిచి తీయాల. బుడగ మిగిలితే ఎండకి అక్కడ బొబ్బ లాగా లేస్తాది.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తు పెట్టుకోండి అక్కా. రెసిన్ కొంటే దాంతో రెండు చిన్న సీసాలు ఇస్తారు, ఊదారంగుది కోబాల్టు, నీళ్ళలాంటిది హార్డెనర్. ఆ రెండిటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పటికీ పోయొద్దు, భగ్గున అంటుకుంటాది. ముందు కోబాల్టు రెసిన్‌లో వేసి బాగా కలిపేసి, తర్వాత హార్డెనర్ వేసి మళ్ళీ కలపాల. కొన్ని రెసిన్లకి కోబాల్టు ముందే కలిపి వస్తాది, షాపులో అడగండి. రెండూ 1 నుంచి 2 శాతం లోపలే, 100 గ్రాముల రెసిన్‌కి ఒక మిల్లీ, ఒకటిన్నర మిల్లీ అట్టా, సిరంజితో కొలుచుకోండి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోద్ది, అద్దాలు లేకుండా సీసా మూత తీయొద్దు. ఇప్పుడు ఎండలు కాబట్టి పొద్దున్నే ఏడు లోపలో సాయంత్రం ఐదు తర్వాతో నీడలో చేయండి, మధ్యాహ్నం కలిపితే గిన్నెలోనే గడ్డకట్టి పొగలొస్తాది. ఒక్కసారే ఎక్కువ కలపబాకండి, టీ గ్లాసులో సగం చాలు.

తాళాలపని_ఒంగోలు

లాక్ పెట్టెకీ తలుపుకీ మధ్య సందు మూయడానికి సిలికాన్ వాడొచ్చు కదా, మేము కిటికీలకి అదే కొడతాం, చవక కూడా.

జువ్వలదిన్నె_ఫైబర్

అన్నా అద్దాలకి ఓకే, ఫైబర్‌కి వద్దు. సిలికాన్ ఒకసారి తగిలిన చోట ఎంత గోకినా కంటికి కనపడని జిడ్డు ఉండిపోతాది, రేపు మళ్ళీ జెల్ కోటో రంగో వేయాలంటే పట్టదు, చేప కళ్ళ లాగా గుంటలు పడతాయి. బ్యూటైల్ టేప్ అని మెత్తటి జిగురు టేపు ఉంటాది, అది పెట్టి బిగిస్తే సందులన్నీ నిండి మిగిలింది బయటికొస్తాది, కత్తితో తీసేయొచ్చు, రేపు లాక్ విప్పాలన్నా సులువు. తలుపు వంపుగా ఉందన్నారు కాబట్టి చదునైన లాక్ పైనా కిందా లేచి ఉంటాది, అక్కడ టేపు రెండు పొరలు పెట్టండి, స్క్రూ బలంతో వంపుని చదును చేయాలని చూస్తే ఫైబర్ పగలతాది. స్క్రూలు 316 నంబర్ స్టెయిన్‌లెస్ అడిగి తీసుకోండి, 304 అయినా మామూలు ఊళ్ళకి సరిపోద్ది కానీ మన ఉప్పు గాలికి తుప్పు మచ్చలొస్తాయి. లాక్ అల్యూమినియందైతే స్టెయిన్‌లెస్ స్క్రూ తగిలిన చోట తెల్లటి పొడి లేచి తినేస్తాది, మధ్యలో నైలాన్ వాషర్ వేయండి.

ఒంగోలు_సముద్రపుగాలి

(19 రోజుల తర్వాత)

పని అయిపోయింది, అందరికీ ఎలా చెప్పాలో తెలీట్లేదు. వరసగా చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు హింజెస్. పై హింజ్ మూడు స్క్రూల్లో రెండు చేత్తో లాగితే వచ్చేశాయి. ఆటోనగర్ అన్న చెప్పినట్టు బోల్టులు వేసి లోపల అల్యూమినియం పట్టీ పెట్టాం. తలుపు కింద నాన్న పాత పీట ఒకటి పెట్టి, దాని మీద న్యూస్‌పేపర్లు ఒక్కొక్కటే మడిచి దూరుస్తూ 4 మి.మీ లేపాడు, నేను బిగించా. జాకీలు ఇప్పుడు చేత్తో తిప్పి నేలకి తగిలాక ఇంకో సగం చుట్టు, అంతే.

చెక్క సంగతి మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు. బెజ్జం కింద పక్క అరచేయంత మేర నల్లగా కుళ్ళిపోయి ఉంది, వేలితో గీకితే కాఫీ పొడిలాగా రాలింది. అంతా తీసేసి నాలుగు రోజులు ఆరబెట్టాం. రెసిన్ పని మాత్రం పొద్దున ఆరింటికి వరండాలో పెట్టుకున్నా, మొదటి గ్లాసు 12 నిమిషాల్లో గట్టిపడిపోయింది, హార్డెనర్ 2 మిల్లీ వేశా, రెండోసారి 1 మిల్లీ వేస్తే తీరిగ్గా పనయింది. గీతలు మూడు చోట్ల అతికించా, 80 తర్వాత 220, తర్వాత నీళ్ళతో 400 నంబర్, చేత్తో తడిమితే అతుకు తెలీట్లేదు, రంగు మాత్రం కొంచెం తేడా ఉంది, అది ఉండనీ.

లాక్ ప్యాడిల్ రకమే వేశాం, 70 ఇంటూ 95 బెజ్జం. అట్ట నమూనా పెట్టి చూస్తే పాత బెజ్జం మొత్తం లోపలే పడింది. కుంకుమ పరీక్ష మళ్ళీ చేశా, మొదటిసారి కొంచెం పైకి పడింది, ప్లేటు బెజ్జాన్ని ఆకురాయితో ఒక మి.మీ రాస్తే సరిపోయింది, ఇప్పుడు చిటికెన వేలితో తోసినా క్లిక్కుమని పడుతుంది. వెనక కిటికీ తీసేసి బయటికి పూర్తిగా తెరుచుకునేది నెల్లూరులో చేయించాం, పిడులకి నేనే ఎర్ర రంగు వేశా. సామాను పెట్టె తాళం నంబర్ చూస్తే సింగరాయకొండ అన్న చెప్పిన 751 నే, మార్చేశాం.

అమ్మ సంగతి. నిన్న సాయంత్రం నాన్న పిలిచినా రాలేదు. నేను లోపలికెళ్ళి తలుపేసుకుని, బయట నాన్నని చెవితో లాక్ చేయమని, లోపల నుంచి తీసుకుని బయటికొచ్చా. రెండుసార్లు చూపించా. అప్పుడు లేచి వచ్చింది, తానే ఎక్కి తలుపేసుకుంది, లాక్ చేయించుకుంది, తీసింది, మళ్ళీ వేయమంది. అట్టా ఏడెనిమిది సార్లు చేసింది. తర్వాత వెనక కిటికీ తోసి తల బయట పెట్టి, దీనికి ఒక తెర కుట్టాలే అంది.

ఒక్కటి మిగిలింది, బండి నడిచేటప్పుడు పైనున్న గట్టి బోల్టు కూడా వేయాలా లేక కింద నాలుక ఒక్కటీ చాలా?

నెల్లూరు_ఆటోనగర్

సంతోషం అమ్మా. మొన్న మా షెడ్డు పక్క కిటికీ చేయించుకుపోయింది మీరేనా, ఎర్ర రంగు డబ్బా మా కుర్రోడి దగ్గరే తీసుకునుంటారు. బోల్టు వేయాల, కదిలే ముందు ప్రతిసారీ. గతుకుల్లో తలుపు ఊగి నాలుక ఒక్కటే అయితే జారతాది, హైవే మీద తలుపు తెరుచుకుంటే గాలికి హింజెస్‌తో సహా ఊడిపోద్ది. కాకపోతే నడిచే బండిలో లోపల ఎవరినీ కూర్చోబెట్టొద్దు, పెద్దావిడ కారులోనే కూర్చోవాల. 500 కిలోమీటర్లు తిరిగాక హింజ్ నట్లు ఒకసారి చేత్తో పట్టి చూడు.

ఒంగోలు_సముద్రపుగాలి

మేమే అన్నా! అమ్మ ఎప్పుడూ కారులోనే. వచ్చే శుక్రవారం మాలకొండ బయల్దేరుతున్నాం, చెవులు మూడు కాపీలు తీయించాం, ఒకటి అమ్మ కొంగుకి కట్టుకుంది.